వెనక్కు నడిచిన వాగు

నిజాంసాగర్ గేట్లు ఎత్తి, మంజీర ఒడ్డున రోడ్లు తెగి, బోధన్ చుట్టుపక్కల ఊళ్ళలో వినాయకుడి పందిళ్ళు మోకాలి లోతు నీళ్ళలో నిలబడిన వరద ఏడాది అది. అటువైపు వాళ్ళు ఇప్పుడు ఏ సంగతి చెప్పినా ఆ వరదకు ముందో తరువాతో చెబుతున్నారు.

వాన వెలిసిన మర్నాడు పొద్దున రత్తయ్యకు చప్పుడు లేక మెలకువ వచ్చింది. క్యాంపు వెనక వాగు వాన పట్టిన దగ్గర్నుంచి రాత్రీ పగలూ హోరుమంటూనే ఉంది. ఆ హోరులో నిద్రపోవడం అలవాటైంది. ఇప్పుడది లేదు. మంచం మీద లేచి కూర్చుని చెవి పెట్టాడు. కప్పలు వినబడుతున్నాయి. వాగు వినబడలేదు.

క్యాంపు అంటే కోస్తా నుంచి వచ్చి కాలువ కింద భూములు కొనుక్కున్న వాళ్ళ ఇళ్ళు. రత్తయ్య వచ్చినప్పుడు మీసం కూడా సరిగా మొలవలేదు. ఇప్పుడు డెబ్బై దాటాయి. ఆయన పొలం కాలువ పక్కన మెరక మీద ఉంది, చెరకు వేస్తాడు. వాగు వైపు పల్లం పాత ఊరివాళ్ళది, వాళ్ళు పసుపు వేస్తారు. నీళ్ళు కావాలంటే ఆయనకు కాలువ ఉంది గనక వాగుతో ఎప్పుడూ పని పడలేదు. వరద వచ్చినప్పుడల్లా క్యాంపంతా చూడటానికి పరుగెత్తేది. ఆయన మాత్రం గడప దాటేవాడు కాదు. భార్య రత్తమ్మే వెళ్ళి చూసొచ్చి, ఎంత లోతు ఉందో, ఏమేం కొట్టుకొచ్చాయో చెప్పేది. ఆమె పోయి రెండు వేసవులు దాటాయి.

తువ్వాలు భుజాన వేసుకుని చెరకు మధ్య బాటలో కిందికి దిగాడు. బురద చెప్పుల్ని పట్టుకుంటుంటే విప్పి చేత్తో పట్టుకున్నాడు. పసుపు చేల గట్టు ఎక్కి నిలబడ్డాడు.

వాగు నిండుగా ఉంది. కానీ పోవడం లేదు. బురదనీళ్ళ మీద నురగ ముద్దలు ముద్దలుగా నిలిచి, మెల్లగా, చాలా మెల్లగా కదులుతోంది. ఏ పందిరి నుంచో తెగి వచ్చిన మామిడాకుల తోరణం ఒకటి నీళ్ళ మీద తేలుతూ ఆయన ముందు నుంచి వెళ్ళింది. అది గోదావరి వైపు పోవడం లేదు. పైకి, బోధన్ వైపు పోతోంది.

రత్తయ్య చెప్పులు కింద పెట్టి గొంతుక్కూర్చున్నాడు. తోరణం వాగు వంపు తిరిగే దాకా చూశాడు. తరువాత ఒక మొక్కజొన్న దంటు వచ్చింది. అదీ పైకే పోయింది. చాలా ఏళ్ళుగా కనబడని మనిషి ఎదురైతే ఎవరో తెలిసీ పేరు నోటికి రానట్టు ఉందాయనకు. కాసేపటికి పేరు వచ్చింది, చిన్నప్పుడు సముద్రం దగ్గర విన్న పేరు.

"పోటు," అన్నాడు, పక్కన ఎవరూ లేకపోయినా.

"ఏందన్నా, నీళ్ళతోటి ముచ్చట పెడ్తున్నవ్?" అని వెనక నుంచి వినబడింది.

లింబయ్య. భుజాన ఖాళీ యూరియా సంచుల కట్ట, చేతిలో పార. ఆ గట్టు, గట్టు లోపలి పసుపు చేను అతనివే. పాత ఊరి మనిషి, రత్తయ్య కన్నా కొంచెం చిన్న. రోజూ సాయంత్రం చేను నుంచి ఇంటికి పోతూ రత్తయ్య అరుగు మీద ఆగి చాయ్ తాగి పోతాడు. రత్తమ్మ ఉన్నప్పుడు మొదలైన అలవాటు. ఆమె పోయాక చాయ్ రత్తయ్యే పెడుతున్నాడు. మాటలు మాత్రం ఇద్దరి వంతూ లింబయ్యే మాట్లాడతాడు. క్యాంపులో మిగతా వాళ్ళు రత్తయ్య ఇంటికి పని ఉంటేనే వస్తారు. పని లేకుండా వచ్చేది లింబయ్య ఒక్కడే.

"పొద్దుగాల్నే ఎవలన్న తోలిండ్రా గీడికి? వరదొస్తె మొకం సుత సూపియ్యవు గద."

రత్తయ్య నీళ్ళవైపు గడ్డం ఎగరేశాడు. "చూడు. వెనక్కు పోతోంది."

"గోదారి నిండింది. వాగును రానిస్తలేదు." లింబయ్య సంచుల కట్ట దింపాడు. "తూము మూస్త. జర సంచులు వట్టుకో, మట్టి నింపుత."

గట్టు అడుగున, చేలో నీళ్ళు వాగులోకి పోవడానికి వేసిన సిమెంటు గొట్టం ఉంది. దాన్నే తూము అంటారు. వాన నీళ్ళు పసుపు బోదెల మధ్య చీలమండ లోతున నిలిచి ఉన్నాయి. వాగు నీళ్ళు తూము నోటి దగ్గరికి వచ్చి, లోపలికి పోవాలా వద్దా అన్నట్టు ఆగి ఉన్నాయి.

"మూయకు," అన్నాడు రత్తయ్య.

"ఏంది?"

"మూయకయ్యా. మూస్తే వాన నీళ్ళు లోపలే ఉండిపోతాయి. పసుపు కుళ్ళుద్ది. ఇది పోటు. ఎక్కిన నీళ్ళు ఎక్కినట్టే దిగుతాయి. పొద్దుగూకే లోపు పాటు మొదలవుద్ది, నీళ్ళు వెనక్కు తీస్తాయి. అప్పుడు తూము తీసి ఉంటే నీ చేలో నీళ్ళు కూడా లాక్కుపోద్ది. మా ఏటి దగ్గర అంతే."

అంత పొడుగు మాట ఆయన నోటి నుంచి రావడం లింబయ్య ఎప్పుడూ వినలేదు. పార నేలకు ఆనించి నిలబడ్డాడు. తూము వైపు చూశాడు. రత్తయ్య ముఖంలోకి చూశాడు. మళ్ళీ తూము వైపు చూశాడు.

"మీకొక ఏరున్నదా? యాభై ఏండ్లల్ల ఒక్కనాడు జెప్పకపోతివి."

"నువ్వడగలేదు."

"అడిగితె మాత్రం జెప్తవా? నీ నోట్లెకెల్లి మాట రావాల్నంటె చెరకు గానుగల వెట్టాలె."

రత్తయ్య నవ్వాడు. ఆ నవ్వు చూసి లింబయ్య పార పక్కన పడుకోబెట్టి, సంచుల కట్ట మీద కూర్చున్నాడు. బీడీ వెలిగించాడు. "జెప్పు మల్ల. ఎసొంటి ఏరు?"

"చిన్నది," అన్నాడు రత్తయ్య. "కొండల్లో పుట్టుద్ది. పొద్దున బండి కట్టి దాని వెంట బయల్దేరితే మర్నాటి మాపటికి సముద్రం దగ్గరుంటావు. అంతే దాని బతుకు."

"గంతేనా! మా మంజీర లెక్కనైతే గది పిల్ల కాల్వ."

"పిల్లకాలవే. కానీ సముద్రం దగ్గర తిక్క చేసుద్ది."

ఆయన గట్టు మట్టి మీద వేలితో గీశాడు. ఇది ఏరు. ఇది సముద్రం. ఈ రెండిటి మధ్య ఇసక. ఏరు సముద్రంలో కలిసే చోటును మొగ అంటారు. ఎండాకాలం ఏట్లో బలం ఉండదు, సముద్రం ఇసక తెచ్చి మొగ పూడ్చేస్తుంది. ఏరు వచ్చి ఆ ఇసక వెనకాల ఆగిపోతుంది, వాకిట తలుపేసి ఉంటే బయట నిలబడ్డ చుట్టంలాగా. అవతల సముద్రం కనబడుతూనే ఉంటుంది. పోవడానికి లేదు.

"మల్లెట్ల?"

"తొలకరికి ఊరంతా పారలు తీసుకుని వెళ్తాం. ఇసకలో వేలెడు కాలవ గీస్తారు. అంతే చేసేది మనం. నీళ్ళు దాంట్లోకి దూరి, అంచులు కోసుకుంటూ కోసుకుంటూ, మనం చద్ది తిని చెయ్యి కడుక్కునే సరికి బండి పోయేంత దారి అవుద్ది. అప్పుడు చూడాలి దాని పరుగు."

"పోరగాండ్లు కొట్టుకపోరా?"

"మా నాన్న నా మొలతాడు పట్టుకుని నిలబడేవాడు."

లింబయ్య పెద్దగా నవ్వాడు. ఆ మొలతాడు మాట రత్తయ్య రత్తమ్మకు తప్ప ఎవరికీ చెప్పి ఉండడు. చెప్పాక ఆగలేకపోయాడు. మొగ ఒక్క చోట ఉండదని చెప్పాడు. ఒక ఏడు ఉత్తరాన తెగుతుంది, ఒక ఏడు దక్షిణాన తెగుతుంది, కిందటేడు పడవ కట్టిన గుంజ ఈ ఏడు ఎండుమేట మీద నిలబడి ఉంటుంది. వాన లేని రోజుల్లో పోటుకు ఉప్పునీళ్ళు ఏట్లోకి దూరి అడుగున పాకుతాయి, తియ్యనీళ్ళు వాటి మీద తేలుతుంటాయి. ఆడవాళ్ళు బిందె వంచి, నీళ్ళు తొణక్కుండా పైపొర ముంచుకోవాలి. కొత్త కోడలు బిందె బుడుంగున ముంచితే ఆ పూట ఇంట్లో అందరికీ ఉప్పు పప్పే. వానాకాలం అయితే ఏరు నిండా తియ్యనీళ్ళే, పోటు ఉప్పు తేలేదు, ఉత్తినే నీళ్ళను వెనక్కు తోస్తుంది. అప్పుడు ఎవరూ తూములు ముయ్యరు. పాటుకు ఏరే వచ్చి పొలం కడిగిపోతుంది.

ఒకసారి లింబయ్య సగం లేచాడు. చెయ్యి పార మీద వేశాడు. రత్తయ్య అప్పుడు మడ అడవి దగ్గర ఉన్నాడు. బురదలోంచి వేళ్ళు పైకి పొడుచుకొచ్చే చెట్లు, వాటి మధ్య ఎర్ర పీతలు. ఒక చెయ్యి పీతలాగా పైకెత్తి చూపించాడు. లింబయ్య ఆ చెయ్యిని చూశాడు. మళ్ళీ కూర్చుని, ఆరిన బీడీనే మళ్ళీ వెలిగించుకున్నాడు.

మధ్యాహ్నానికి అవతలి మడిగట్టు మీద నుంచి లింబయ్య భార్య హన్మవ్వ నెత్తిన సద్దిగంపతో కేక వేసింది. "ఓ, తూము మూసినవా లేదా?"

"మూస్త తియ్! జరసేపాగి!" అని లింబయ్య అక్కడి నుంచే అరిచాడు.

ముగ్గురూ గట్టు మీదే తిన్నారు. హన్మవ్వ జొన్నరొట్టె రత్తయ్య చేతిలో పెట్టింది. మాటల్లోకి మాత్రం రాలేదు. తూము వైపు, మొగుడి వైపు, చూస్తూ తిన్నది. ఇంటి దగ్గర బర్రె ఈనేట్టుందని తొందరగా వెళ్ళిపోయింది.

రత్తయ్య ఒక తుమ్మపుల్ల విరిచి నీళ్ళ అంచున గుచ్చాడు. "చవితి దాటింది గదా. అమాసకు ఎక్కినంత పోటు ఉండదిప్పుడు. ఈ పుల్ల దాటదు, చూడు," అన్నాడు. మళ్ళీ మాటల్లో పడ్డాడు. కాసేపటికి చూస్తే పుల్ల సగం మునిగింది. మరికాసేపటికి కనబడలేదు. ఇంకొక పుల్ల విరిచి కొంచెం పైన గుచ్చాడు. ఈసారి మాట్లాడలేదు. పుల్లనే చూస్తూ కూర్చున్నాడు. నీళ్ళు తొందర లేకుండా వచ్చి దాని మొదలు తడిపాయి.

సముద్రం అక్కడికి వందల మైళ్ళు ఉందని రత్తయ్యకు తెలియక కాదు. కానీ నీళ్ళు వెనక్కు నడవడం ఆయన కళ్ళకు తెలుసు, కాళ్ళకు తెలుసు. దిగడం కూడా తెలుసు. దిగకుండా ఎక్కడం మాత్రం ఎప్పుడూ చూడలేదు. గోదావరికి అడ్డంగా పోచంపాడు దగ్గర కట్ట ఉంది. ఆ కట్ట నిండితే నీళ్ళు వెనక్కు వచ్చి గోదావరిలో నిలుస్తాయి, గోదావరిలో నుంచి వాగులోకి వస్తాయి. ఆ నీళ్ళకు చంద్రుడితో పని లేదు.

పొద్దు వాలుతుండగా తూము లోపలి వైపు గుడగుడమంది. వాగు నీళ్ళు చేలోకి వస్తున్నాయి.

లింబయ్య లేచాడు. పంచె ఎగ్గట్టి, ఒక సంచిలో గబగబా మట్టి నింపి, ఎత్తుకుని నీళ్ళలోకి దిగాడు. నడుము లోతు వచ్చింది. తూము నోరు ఎక్కడుందో కాలితో వెతికాడు. సంచి దించాడు. లోపలికి లాగుతున్న నీళ్ళు సంచిని పక్కకు తోసేశాయి. రత్తయ్య ఇంకొకటి నింపి అందించాడు. అదీ నిలవలేదు. మూడోది చేతిలోనే పిగిలి మట్టి అంతా నీళ్ళలో కలిసింది. లింబయ్య కాసేపు ఆ ఖాళీ సంచి పట్టుకుని నీళ్ళలో నిలబడ్డాడు.

"రాయ్యా పైకి," అన్నాడు రత్తయ్య. చెయ్యి చాపాడు.

లింబయ్య ఆ చెయ్యి పట్టుకునే పైకి వచ్చాడు. పార తీసుకున్నాడు. "పోదాం తియ్," అని ముందు నడిచాడు. ఆ సాయంత్రం అరుగు దగ్గర ఆగలేదు.

*

మర్నాడు చూస్తే పసుపు చేను చేనులాగా లేదు. నీళ్ళ మీద ఆకుల కొసలు మాత్రం తేలుతున్నాయి. గట్టు మాత్రం నీళ్ళకు పైన, చెక్కుచెదరకుండా, జానెడు ఎత్తున కనబడుతోంది. నీళ్ళు గట్టు దాటి రాలేదు. ఆ ఒక్క గొట్టంలో నుంచే వచ్చాయి. గొట్టం మూసి ఉంటే చేను ఉండేదని చంటిపిల్లాడు చూసినా చెబుతాడు.

మెరక మీద రత్తయ్య చెరకు వాన నీళ్ళు తాగి ఇంకా నల్లబడింది. చెరకు నీళ్ళలో నిలబడినా ఓర్చుకుంటుంది. పసుపు ఓర్చుకోలేదు. రత్తయ్య తన చెరకులో నుంచి నడిచి వెళ్ళడానికి సిగ్గుపడి, చుట్టూ తిరిగి రోడ్డు వెంట వాగు దగ్గరికి పోయాడు.

రోజూ పోయాడు. పొద్దున ఒకసారి, మాపు ఒకసారి. నీళ్ళు కదలకుండా ఉన్నాయి. నురగ కూడా పోయింది. తెల్లటి ఆకాశం వాటిలో పడి, ఆ పల్లమంతా ఒక చెరువులాగా ఉంది. మూడో రోజుకు ఆకుల కొసలు పసుపుపచ్చబడ్డాయి. ఆ తరువాత వాసన మొదలైంది.

సాయంత్రం అయ్యేసరికి చేతులు వాటంతట అవే గిన్నెలో రెండు గ్లాసుల నీళ్ళు పోసేవి. చాయ్ కాగాక రెండు గ్లాసుల్లో పోసి అరుగు మీద పెట్టేవాడు. రోడ్డు మీద లింబయ్య సైకిల్ పోయేది. ఆగేది కాదు. తల ఇటు తిరిగేది కాదు. రెండో గ్లాసు మీద మీగడ కట్టి ముడతపడే దాకా చూసి, గిన్నెలో వంపేసేవాడు.

రాత్రి అన్నం వేళకు నిజామాబాద్ నుంచి కూతురు విజయశ్రీ ఫోన్ చేసేది.

"తిన్నారా నాన్నా?"

"ఆఁ."

"ఏం తిన్నారు?"

"అన్నం."

"అన్నమేలెండి, అన్నంలోకి ఏంటని. వరదలంట కదా అక్కడ, టీవీలో చూపిస్తున్నారు. మన పొలం ఎలా ఉంది?"

"మనది బాగుంది."

"మరేంటి గొంతు అలా ఉంది?"

"ఏం లేదు. పెట్టేయ్."

క్యాంపులో సంగతి తెలిసింది. ఎరువుల కొట్టు చక్రవర్తి దారిలో బండి ఆపాడు. "బాబాయ్, నువ్వు దీన్ని మనసులో పెట్టుకోమాక. వరద నువ్వు తెచ్చావా? ఆయనకు బుద్ధి లేదా, అరవై ఏళ్ళుగా ఆ వాగు ఒడ్డునే ఉన్నాడు. నీ మాట వినమని ఎవరన్నారు?"

రత్తయ్య బండి పక్క నుంచి నడిచి వెళ్ళిపోయాడు. కానీ ఆ మాట ఆయన వెంట ఇంటి దాకా వచ్చింది. అరవై ఏళ్ళుగా ఆ వాగు ఒడ్డునే ఉన్నాడు. అయినా నా మాట విన్నాడు. నా మీద అంత నమ్మకం పెట్టుకున్నాడు. అలా అనుకుని, అన్నం సగం కంచంలోనే వదిలేసి లేచాడు.

వారం దాటాక ఒక మాపు గట్టు మీద హన్మవ్వ ఎదురైంది. నెత్తిన బర్రెకు గడ్డిమోపు. ఆగింది. మోపు దించలేదు.

"ఏమన్నా, ఏం సూస్తున్నవ్? ఇంగేమన్న మిగిలిందా అని సూడనీకి వచ్చినవా?"

"లేదు చెల్లెమ్మా..."

"మీ సముద్రం తెచ్చి మా పసుపుల పోసినవ్ గదనే. నీ కాల్వ నీకున్నది. నీ చెరకు నీకున్నది. మాకేమున్నది? నీ ముచ్చట్లకు మా ఏడాది తిండి పాయె."

ఆయన తల వంచుకుని నిలబడ్డాడు. గడ్డిమోపు నుంచి నీళ్ళు కారి ఆమె భుజం తడుస్తోంది.

"ఆయన రాత్రంత పండుతలేడు. తింటలేడు. ఏమన్న అంటె మొకం తిప్పుకుంటున్నడు. మనిషి గిట్లయితడా పంట పోతె? ఎన్ని సార్లు పోలే మాకు? గిట్ల ఎన్నడు కాలే." ఆమె నెత్తి మీది మోపు సర్దుకుంది. "నువ్వు మా ఇంటి దిక్కు రాకు," అని వెళ్ళిపోయింది.

*

పోచంపాడు గేట్లు ఎత్తారో, పైన వానలు తగ్గాయో, ఒక రోజు వాగు మళ్ళీ గోదావరి దారి పట్టింది. పట్టిన రెండు రోజులకు చేలో నీళ్ళు పోయాయి. వచ్చిన తూములో నుంచే పోయాయి. బోదెల మీద నల్లటి జిగురు మిగిలింది.

రత్తయ్య చెరకు అంచున నిలబడి చూశాడు. లింబయ్య ఒక్కడే చేలో ఉన్నాడు. వంగి పసుపు మొక్కలు పీకి గట్టు మీద వేస్తున్నాడు. చేను శుభ్రం చేస్తే కనీసం శనగలైనా చల్లుకోవచ్చు. ఆకు పట్టుకుని లాగితే ఆకు ఒక్కటే చేతిలోకి వచ్చేది. దుంప కోసం మట్టిలో వేళ్ళు పెట్టి తవ్వాలి. దుంప వేళ్ళ మధ్య మగ్గిన అరటిపండులాగా చిదికిపోయేది. లింబయ్య చేతులు పంచెకు తుడుచుకుని తరువాతి మొక్క దగ్గరికి జరిగేవాడు.

రత్తయ్య గట్టు దిగి వెళ్ళాడు. అతని పక్క బోదె మీద వంగి తనూ ఒక మొక్క పీకాడు. లింబయ్య చూసి, తన మొక్క దగ్గరికి వంగాడు. ఇద్దరూ కాసేపు అలా పీకారు.

"నాదే తప్పయ్యా," అన్నాడు రత్తయ్య చివరికి. ఆ ఒక్క మాట కూడగట్టుకోవడానికి ఇన్ని రోజులు పట్టింది. "నువ్వు మూస్తానంటే నేనే వద్దన్నాను. మా ఏరు వేరు, మీ వాగు వేరు. నాకు తోచలేదు. తిట్టాలంటే తిట్టు. కానీ ముఖం తిప్పుకుని పోమాక."

లింబయ్య చేతిలో మొక్క కింద పెట్టాడు. బోదె మీద అలాగే కూలబడ్డాడు.

"నాకెరుకే అన్నా," అన్నాడు.

"ఏం ఎరుక?"

"నీళ్ళు దిగయని. పోచంపాడు నిండిన నీళ్ళు ఎనుకకొస్తె వారం పదిదినాలు దిగయని నాకెరుకే. ఇంతకుముందటి పెద్ద వరదల సుత గిట్లనే వచ్చినయ్. గీ తూమే సంచులేసి మూసిన. పసుపు దక్కింది."

రత్తయ్యకు అర్థం కాలేదు. అర్థమైనా నమ్మబుద్ధి కాలేదు. "మరెందుకు ఊరుకున్నావు? ఎందుకు చెప్పలేదు నాకు?"

"నువ్వు మాట్లాడుతుంటివి."

లింబయ్య వేళ్ళకు అంటిన కుళ్ళు గడ్డికి రాస్తూ కూర్చున్నాడు. పైకి చూడలేదు.

"రత్తమ్మక్క పోయినకాడికెల్లి నీ నోట నాలుగు మాటలు కలిపి ఇన్లే నేను. రోజొస్త, చాయ్ తాగుత, నేనే వాగుత, పోత. ఒకపారి అనిపిస్తుండె, గీ మనిషికి నేనొస్తున్నట్టన్న ఎరుకేనా అని. గా దినం నువ్వు మీ ఏరు జెప్తుంటె, మీ బాపు మొలతాడు వట్టుకున్నది జెప్తుంటె... నడుమ లేసి పార వట్టుకుంటె నువ్వు మల్ల జిందగీల జెప్పకపోతుంటివి. ఒక అర్ధగంట అనుకున్న. గా పీతల కాడ లేసిన సుత. నువ్వు చెయ్యి గిట్ల ఎత్తినవ్." లింబయ్య తన చెయ్యి ఎత్తి చూపించి, దించేశాడు. "మల్ల కూసున్న. ఇంకో అర్ధగంట అనుకున్న. గంతల్నే నీళ్ళు తూము మీదికొచ్చినయ్."

వాగు అవతల ఎవరో ఎడ్లను అదిలిస్తున్నారు. ఆ కేక నీళ్ళ మీదుగా వచ్చి ఆగిపోయింది.

"ఇంట్ల జెప్పలే," అన్నాడు లింబయ్య. "హన్మవ్వ అడిగింది, ఎందుకు మూయలేదని. రత్తయ్యన్న వద్దన్నడు అని జెప్పిన. నీ మీదికి తోసిన. అది నిన్ను తిట్టిందని ఇన్న. అప్పుడు సుత జెప్పలే. ఎట్ల జెప్తనన్నా? ముచ్చట ఇనుకుంట కూసొని ఏడాది పంట ముంచిన అంటె మనిషంటరా నన్ను? నీ అరుగు దిక్కు సూడనీకి గందుకే మొకం లేకపాయె."

రత్తయ్య చేతిలో మొక్క కింద పడేశాడు. ఇన్ని రోజులూ రోడ్డు మీద తల తిప్పకుండా పోయిన సైకిల్ కళ్ళ ముందు కదిలింది. కోపంతో పోతున్నాడనుకున్నాడు. అది కోపం కాదు. చెయ్యి చాపి లింబయ్య భుజం మీద పెట్టాడు. కాసేపు ఉంచి తీశాడు. తరువాత ఇద్దరూ లేచి, చీకటి పడే దాకా మళ్ళీ మొక్కలు పీకారు. ఆ సాయంత్రం కూడా లింబయ్య అరుగు దగ్గర ఆగలేదు. బాట వంపు దాకా పోయి, ఒకసారి వెనక్కు చూసి, ఇంటి దారి పట్టాడు.

రత్తయ్య ఆ రాత్రి అరుగు మీద కూర్చుని, తనకు తెలిసిన మాటలన్నీ ఒకటొకటి వెతికి పెట్టుకున్నాడు.

*

మర్నాడు తెల్లవారుతుండగా లింబయ్య ఇంటికి వెళ్ళాడు. యాభై ఏళ్ళలో ఆ గుమ్మం దగ్గరికి ఎన్నిసార్లు వెళ్ళాడో వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. హన్మవ్వ వాకిట్లో కొత్త దూడను తల్లి పొదుగుకు వదులుతోంది. లింబయ్య వేపపుల్లతో పళ్ళు తోముకుంటూ గాబు దగ్గర ఉన్నాడు. రత్తయ్యను చూసి చెయ్యి ఆగిపోయింది.

"మా ఇంటి దిక్కు రావద్దంటి గద," అంది హన్మవ్వ, దూడ మెడ వదలకుండానే.

"ఒక్క మాట చెప్పి పోతాను చెల్లెమ్మా. ఆ రోజు ఇతను మూస్తాననే వచ్చాడు. సంచులు తెచ్చాడు, పార తెచ్చాడు. మూయకపోతే చేను దక్కదని నాకు చెప్పాడు కూడా. నేనే వినలేదు. చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాను. లేస్తే మళ్ళీ కూర్చోబెట్టాను. పెద్దవాణ్ణని మొగమాటపడ్డాడు. ఇతని తప్పు వీసమెత్తు లేదు. అంతా నాదే."

"అన్నా, గట్ల గాదు," అని లింబయ్య వేపపుల్ల తీసి ఒక అడుగు ముందుకు వేశాడు. "గది..."

"నువ్వు ఊరుకోవయ్యా!" అని రత్తయ్య గట్టిగా అరిచాడు. బర్రె తలెత్తి చూసింది. "నాకసలే చెప్పడం రాదు. మధ్యలో అడ్డం రామాక."

లింబయ్య ఆగిపోయాడు. హన్మవ్వ ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. తరువాత దూడను వదిలేసి, కొంగు నడుముకు చుట్టుకుని మొదలుపెట్టింది. పసుపు విత్తనం ఎట్లా తెచ్చారో, ఎండలో బోదెలు ఎవరు ఎగదోశారో, ఈ క్యాంపువాళ్ళు వచ్చాక ఊళ్ళో ఏమేం మారాయో, మగవాళ్ళ ముచ్చట్ల వల్ల ఆడవాళ్ళ బతుకు ఎట్లా ఆగమవుతుందో, అన్నీ చెప్పింది. పక్కింటి వాళ్ళు బయటికి వచ్చి నిలబడ్డారు. రత్తయ్య చేతులు ముందు కట్టుకుని, తల వంచుకుని, ఒక్క మాటకూ బదులు చెప్పకుండా అంతా విన్నాడు. లింబయ్య గాబు అంచు పట్టుకుని నేల చూస్తూ నిలబడ్డాడు.

ఆమెకు ఊపిరి అయిపోయింది. కొంగుతో ముఖం తుడుచుకుంది.

"ఇంగేం నిలవడ్డవ్?" అంది. గొంతు బొంగురుపోయింది. "ఇంకా సగం చేను పీకేదున్నది. పనికొస్తె రా, లేకుంటె పో."

రత్తయ్య చూరు కింద బోర్లించి ఉన్న గంప అందుకున్నాడు. హన్మవ్వ సద్దిమూట కట్టే దాకా వాకిట్లో నిలబడి, ఆమె ముందు నడుస్తుంటే వెనక నడిచాడు. ఆయన వెనక లింబయ్య వచ్చాడు. చేలోకి దిగి, నిన్న వదిలేసిన బోదె దగ్గర ముగ్గురూ వంగారు.

కాసేపటికి హన్మవ్వ చేతిలో మొక్క గట్టు మీదికి విసిరి, తల ఎత్తకుండానే అడిగింది. "మీ ఏటి కాడ కొత్త కోడలు బిందె ముంచితె ఉప్పునీళ్ళొస్తయంట గద. ఈయన కలల సుత గదే పలుకుతున్నడు. గదేం కథ?"

రత్తయ్య లింబయ్య వైపు చూశాడు. లింబయ్య మట్టిలో వేళ్ళు పెట్టి దుంప కోసం వెతుకుతున్నాడు.

"పీకుతూ చెప్తాను," అన్నాడు రత్తయ్య. చెయ్యి ఆపకుండా చెప్పాడు.